పంచాయతీ జీవవైవిధ్య నివేదిక రాయడం ఎలా: బీఎంసీ సభ్యులకు సమగ్ర మార్గదర్శి

మీ గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఒకటి ఉంది. ఊళ్లో ఎవరికీ తెలియకపోయినా, కాగితం మీదైనా ఉంది. దేశమంతటా ఇలాంటివి రెండున్నర లక్షలకు పైగా ఏర్పడ్డాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి పంచాయతీ, ప్రతి మున్సిపాలిటీ ఆ లెక్కలో చేరింది. ఆఫీసుల్లో దీన్ని బీఎంసీ అంటారు. దాని ఛైర్మన్ ఎవరని ఊళ్లో అడిగితే చాలాచోట్ల చప్పున జవాబు రాదు. తమ పేరు అందులో ఉందని తెలియని సభ్యులు కూడా ఉన్నారు.

ఈ కమిటీ తరఫున ఏటా ఒక నివేదిక వెళ్లాలి. ఊరి చెట్టూ చేనూ, చెరువూ కుంటా, గొడ్డూ గోదా, పిట్టా పురుగూ ఎలా ఉన్నాయి, వాటిని కాపాడడానికి ఏం చేశారు, డబ్బు ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అని చెప్పే నివేదిక. దాన్ని ఎలా తయారు చేయాలో మొదటి నుంచి చెబుతాను. కమిటీ సభ్యులకు, సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు, బడిలో సైన్స్ చెప్పే టీచర్లకు, ఊరి మీద మమకారం ఉన్న కుర్రవాళ్లకు ఇది పనికొస్తుంది.

ముందే ఒక మాట. ఇన్ని మొక్కలు నాటాం, ఇన్ని ర్యాలీలు తీశాం అని పనుల పట్టిక రాసి పంపితే మన బాధ్యత తీరదు. పోయినేడాదికీ ఈ ఏడాదికీ ఊళ్లో ఏం మారింది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగితేనే అది నివేదిక. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ జవాబు రాబట్టడానికే.

చట్టం ఏం అడుగుతోంది

2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థా తన పరిధిలో బీఎంసీని ఏర్పాటు చేయాలి. జీవుల ఆవాసాలను, నాటు విత్తనాలను, పశువుల దేశీ జాతులను కాపాడడం, వాటికి సంబంధించి ఊరి వాళ్లకున్న తెలివిడిని రికార్డు చేయడం దాని పని. 43వ సెక్షన్ స్థానిక జీవవైవిధ్య నిధి గురించి చెబుతుంది. నివేదిక సంగతి 45, 46, 47 సెక్షన్లలో ఉంది. ఈ మూడింటినీ ప్రతి సభ్యుడూ గుర్తుపెట్టుకోవాలి.

45 ప్రకారం, నిధి ఎవరి చేతిలో ఉందో వాళ్లు గత ఆర్థిక సంవత్సరంలో జరిగిన పనుల మీద పూర్తి నివేదిక తయారు చేసి పంచాయతీకి ఇవ్వాలి. 46 ప్రకారం నిధి లెక్కలకు ఆడిట్ జరగాలి. 47 ప్రకారం ఆ నివేదికను, ఆడిట్ అయిన లెక్కలను పంచాయతీ జిల్లా మెజిస్ట్రేట్‌కు, అంటే కలెక్టర్‌కు పంపాలి. కమిటీ నుంచి పంచాయతీకి, అక్కడి నుంచి కలెక్టర్‌కు: దారి ఇది. నివేదిక ఏ ఫారంలో ఉండాలి, ఏ తేదీలోపు ఇవ్వాలి అన్నది రాష్ట్ర నిబంధనలను బట్టి ఉంటుంది. మీ రాష్ట్ర జీవవైవిధ్య మండలి నుంచి తాజా ఫారం తెప్పించుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఏటా ఇచ్చే ఈ నివేదిక ఒకటైతే, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఇంకొకటి. దాన్నే పీబీఆర్ అంటారు. ఊళ్లో ఏమేం ఉన్నాయో చెప్పే మూల రికార్డు అది. దాన్ని తయారు చేయడమే బీఎంసీ ప్రధాన బాధ్యత అని 2024 దాకా అమల్లో ఉన్న 2004 నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. రిజిస్టర్ సరిగా లేకపోతే నివేదికలో మార్పు గురించి రాయడానికి ఆధారమే ఉండదు.

ఇక్కడే మన అసలు ఇబ్బంది. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో 2016లో ఒక కేసు పడింది. చట్టం వచ్చి పద్నాలుగేళ్లయినా కమిటీలు లేవు, రిజిస్టర్లు లేవన్నది ఫిర్యాదు. 2020 జనవరి 31 లోపు అన్నిచోట్లా కమిటీలు వేసి, రిజిస్టర్లు పూర్తి చేయాలని, లేకపోతే ఆ తర్వాత నెలకు 10 లక్షల రూపాయల చొప్పున రాష్ట్రాలు కట్టాలని ట్రిబ్యునల్ చెప్పింది. ఆ ఒత్తిడి లేకపోతే చాలా ఊళ్లలో ఈ కమిటీలు పుట్టేవే కావు, కాబట్టి ఆ ఉత్తర్వు మంచిదే. కానీ హడావుడిలో తయారైన రిజిస్టర్లలో ఒక ఊరి జాబితా పక్క ఊరికి అచ్చు గుద్దినట్టు దిగిపోయింది. ఊరి పేరు మారింది, అక్షరదోషాలు కూడా మారలేదు.

మొదటి అడుగు: కమిటీని లేపడం

పంచాయతీ తీర్మానాల పుస్తకం తీయించి, బీఎంసీ వేసిన తీర్మానం నకలు తీసుకోండి. సభ్యుల పేర్లు చూడండి. పదవీకాలం ముగిసిందా, చనిపోయినవాళ్లు, ఊరు విడిచి వెళ్లినవాళ్లు ఉన్నారా గమనించండి. 2004 నిబంధనల్లో ఛైర్మన్ కాక ఆరుగురికి మించని సభ్యులు, వాళ్లలో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు ఉండాలని ఉండేది. 2023లో చట్టాన్ని సవరించారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణ, సభ్యుల సంఖ్య ఏడుకు తగ్గకుండా పదకొండుకు మించకుండా ఉండాలని చెప్పి, ఎవరెవరు ఉండాలో నిర్ణయించే పని రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించింది. కమిటీని మళ్లీ వేస్తుంటే ఈ లెక్క చూసుకోండి.

సంఖ్య కన్నా మనుషులు ముఖ్యం. పార్టీల వాటాల ప్రకారం పేర్లు నింపేస్తే కమిటీ రెండోసారి కూర్చోదు. గొర్రెలు కాసే ఒకరు, చెరువులో వల వేసే ఒకరు, నాటు వైద్యం తెలిసిన ఒకరు, ఇంట్లో విత్తనం దాచే ఒక అమ్మ ఉంటే పని దానంతటదే నడుస్తుంది. చదువుకున్నవాళ్లు రాసిపెట్టడానికి కావాలి, తప్పదు. కానీ రాయడానికి సరుకు ఉండేది ఆ నలుగురి దగ్గరే.

నిధికి విడిగా బ్యాంకు ఖాతా ఉందో లేదో కూడా ఈ దశలోనే తేల్చుకోండి. పాస్‌బుక్ ఎవరి దగ్గరుందో తెలియక ఆడిట్ ఆగిపోయే ఊళ్లు చాలా ఉన్నాయి.

రెండో అడుగు: పాత రిజిస్టర్‌ను పరీక్షించడం

పీబీఆర్ ప్రతిని పంచాయతీ ఆఫీసు నుంచి బయటికి తీయండి. దాని నిండా ముప్పై దాకా ఫారాలుంటాయి: పంటలు, పండ్ల చెట్లు, పశుగ్రాసం, కలుపు మొక్కలు, పురుగులు, పశువుల సంతలు, చెరువులు, అడవి మొక్కలు, మందు మొక్కలు, అడవి జంతువులు వగైరా. అన్నీ ఒక్క రోజులో చదవలేరు, చదవక్కర్లేదు. అక్కడక్కడ ఇరవై పేర్లు ఏరి, ఊళ్లో పెద్దవాళ్లు ఐదారుగురిని కూర్చోబెట్టి చదివి వినిపించండి. "ఇది మన దగ్గర ఉందా? ఎక్కడ?" అని అడగండి. "ఎక్కడ" అన్న ప్రశ్న వదలొద్దు. ఉందని ఎవరైనా అంటారు. చోటు చెప్పమన్నప్పుడే నిజం తేలుతుంది.

సగానికి పైగా పేర్లకు చోటు దొరక్కపోతే ఆ రిజిస్టర్‌ను నమ్మి నివేదిక రాయొద్దు. కొత్తది చేయిస్తామంటూ కూర్చోనూ వద్దు. పాతదాన్నే పెట్టుకుని, తప్పున్నచోట కొట్టేసి, తేదీ వేసి, ఎవరు చెప్పారో రాసి దిద్దండి. 2004 నిబంధనలు చెప్పింది కూడా అదే: రిజిస్టర్‌ను నిర్వహించి, సరిచూసి ధ్రువీకరించాల్సింది బీఎంసీయే.

శాస్త్రీయ నామాలు మాత్రమే ఉండి ఊరి పేర్లు లేకపోతే, ప్రతి పేరు పక్కనా మీ ఊళ్లో పిలిచే పేరు రాయండి. ఒకే మొక్కకు శ్రీకాకుళంలో ఒక పేరు, అనంతపురంలో ఇంకో పేరు ఉంటుంది. మీ ఊరి రిజిస్టర్‌లో మీ ఊరి పేరే ముందుండాలి.

మూడో అడుగు: ఊరంతా తిరగడం

ఉన్న పనులన్నిటిలో ఎక్కువ సమయం దీనికి కేటాయించండి. ఏడాదికి మూడు సార్లు తిరిగితే చాలు: తొలకరి పడ్డాక ఒకసారి, కార్తీకంలో ఒకసారి, నడి ఎండాకాలంలో ఒకసారి. వానల్లో మొలిచే ఆకుకూరలు, పుట్టగొడుగులు ఎండాకాలంలో కనిపించవు. చెరువుకు వలస పిట్టలు చలికాలంలోనే వస్తాయి. ఏ కుంటలో ఆఖరి దాకా నీళ్లుంటాయో మే నెలలోనే తెలుస్తుంది, ఊరి జీవాలన్నీ అప్పుడు దాని చుట్టూనే బతుకుతాయి కాబట్టి.

చెరువుతో మొదలుపెట్టండి. చాలా చెరువుల్లో ఇప్పుడు సర్కారు ఇచ్చిన చేప పిల్లలు, సొసైటీ కొన్న చేప పిల్లలు పోస్తున్నారు: బొచ్చె, రవ్వ, మృగాల. వీటి టన్నుల లెక్క మత్స్యశాఖ దగ్గర ఎలాగూ ఉంటుంది. బీఎంసీ అడగాల్సింది, ఎవరూ పోయకుండా చెరువులో పుట్టే చేపల గురించి. కొర్రమీను, మట్టగిడస, మార్పు, జెల్ల, ఇంగిలాయి, బొమ్మిడాయి, పరక. వల తీసే రోజు తెల్లవారుజామున గట్టు మీదకి వెళ్లి నిలబడండి. పెద్ద చేపలు తూకానికి పోతాయి. చిన్నాచితకా అంతా కలిపి ఒక పక్కన కుప్ప పోస్తారు, ఇంటికి కూర కోసం. మీరు చూడాల్సింది ఆ కుప్పనే. దాని ముందు కూర్చుని, వల వేసినవాళ్లనే అడిగి ఒక్కో చేప పేరు రాసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. "నిరుడు పడి ఈ ఏడు పడనిది ఏది?" అని అడగండి. వాళ్లు తడుముకోకుండా చెబుతారు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, జిలేబి చేప పడుతున్నాయా అన్నది కూడా తప్పక రాయండి. బయటి నుంచి వచ్చి నాటు చేపలను తినేసేవి, వాటి చోటు ఆక్రమించేవి అవే.

తర్వాత ఇళ్లు. విత్తనం గురించి మగవాళ్లను అడిగితే దుకాణంలో కొన్న హైబ్రిడ్ పేర్లు చెబుతారు. దాచిన విత్తనం ఆడవాళ్లకు తెలుసు. "మీ దగ్గర దేశవాళీ విత్తనాలున్నాయా?" అంటే లేవంటారు. "అమ్మా, మీ అత్తగారి కాలంలో ఏ జొన్న వేసేవాళ్లు? ఇప్పుడు గట్ల మీద ఏం చల్లుతున్నారు?" అని అడిగితే కుండలో బూడిద కలిపి దాచిన అనుములు, నల్ల కందులు, పచ్చజొన్న, నాటు సొర గింజ బయటికొస్తాయి. నెల్లూరు వైపైతే మొలగొలుకులు, కృష్ణా వైపైతే కృష్ణకాటుకలు లాంటి వరి రకాల గురించి అడగండి. ఏ రకం ఎంతమంది వేస్తున్నారు, ఎన్ని కుంటల్లో, విత్తనం ఎవరి దగ్గర ఉంది అన్న మూడు వివరాలు చాలు. ఒక రకం విత్తనం ఒక్క ఇంట్లోనే మిగిలితే దాన్ని ఎర్ర ఇంకుతో రాయండి. వచ్చే ఏడాది మీ కమిటీ చేయాల్సిన మొదటి పని అక్కడే దొరికింది: ఆ విత్తనం ఇంకో నాలుగు ఇళ్లకు చేరాలి.

పశువుల దగ్గరా ఇదే పద్ధతి. ఒంగోలు, పుంగనూరు పేర్లు అందరికీ తెలుసు. నల్లమలలో అమ్రాబాద్ చుట్టుపక్కల ఉండే పొడ తూర్పు పశువుకు దేశీ జాతిగా గుర్తింపు దొరికింది 2020లోనే. అంటే అప్పటిదాకా అది ప్రభుత్వ రికార్డుల్లో ఊరూ పేరూ లేని గొడ్డు. మీ ఊళ్లో ఉన్నది కూడా అలాంటిదే కావచ్చు. తెలంగాణలో ఉన్ని ఇచ్చే నల్ల దక్కనీ గొర్రె తగ్గిపోయి, మాంసం కోసం పెంచే నెల్లూరు గొర్రె పెరిగింది. ఆ నల్ల గొర్రెతో పాటు గొంగడి నేసే పని కూడా పోతోంది. గొర్రెల సంఖ్య పెరిగిందని రాస్తే ఈ సంగతి కనిపించదు. ఏ జాతివి ఎన్ని అన్నది విడదీసి రాయండి.

చెట్ల దగ్గర ఒక చిన్న సాంకేతిక విషయం. ఊళ్లో పాత చెట్లకు, అంటే రచ్చబండ దగ్గరి రావి, గుడి వెనక మర్రి, పొలాల మధ్య ఇప్ప, వెలగ, నేరేడు లాంటి వాటికి చుట్టుకొలత తీయండి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో టేపు చుట్టాలి. ఏటా అదే ఎత్తులో కొలవాలి. ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకోండి. రోడ్డు వెడల్పు పనులు వచ్చినప్పుడు "ఇక్కడ చెట్టేం లేదు" అని ఎవరైనా అంటే మీ దగ్గర రికార్డు ఉంటుంది.

పొలిమేర వరకూ తిరిగేటప్పుడు అక్కర్లేనివి కూడా రాసుకోండి. వయ్యారిభామ ఏ గట్టు దాకా వచ్చింది, సర్కారు తుమ్మ ఏ బంజరును కమ్మింది, చెరువులో గుర్రపు డెక్క ఎంత మేర పరుచుకుంది అన్నవి ముఖ్యం. వీటి వ్యాప్తి కంటితో కొలవొచ్చు, ఏటా పోల్చొచ్చు. నిపుణులు అక్కర్లేదు.

నాలుగో అడుగు: ఏది రాయాలి, ఏది రాయకూడదు

నాటు వైద్యుల దగ్గర జాగ్రత్త అవసరం. ఊళ్లో వైద్యం తెలిసినవాళ్ల వివరాలు ఉంచడం బీఎంసీ పనుల్లో ఒకటి. అయితే వాళ్ల మందు తయారీ విధానం రిజిస్టర్‌లో కూడా వాళ్ల అనుమతి లేకుండా రాయకూడదు. ఏటా పంపే నివేదికలో అసలే వద్దు. "కామెర్లకు వైద్యం చేసేవారు ఇద్దరున్నారు, వాడే మొక్కల్లో రెండు ఊరి గుట్ట మీద తగ్గిపోతున్నాయి" అని రాస్తే చాలు. ఏ వేరు, ఎంత మోతాదు, దేనితో నూరాలి అన్నవి వాళ్ల ఆస్తి.

ఇందుకు చట్టపరమైన కారణం కూడా ఉంది. ప్రామాణిక గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు 2023 సవరణ కొన్ని మినహాయింపులిచ్చింది. మీ ఊరి వైద్యుడు తన తాత దగ్గర నేర్చుకున్నది ఏ గ్రంథంలోనూ లేదు. దాన్ని ఎవరైనా వ్యాపారానికి వాడుకుంటే లాభంలో వాటా అడిగే హక్కు నిలవాలంటే, మనమే దాన్ని నలుగురి చేతుల్లో పెట్టకూడదు. రిజిస్టర్‌లో అలాంటి పేజీలు ఎవరు చూడొచ్చో కమిటీ ఒక తీర్మానం చేసుకోవాలి. అరుదైన మందు మొక్క దొరికే కచ్చితమైన చోటు, పక్షుల గూళ్లున్న చోటు కూడా బయటికి వెళ్లే ప్రతిలో చెప్పొద్దు. "ఊరి ఉత్తరపు గుట్ట" అంటే సరిపోతుంది.

ఐదో అడుగు: మార్పును రాయడం

ఇప్పుడు మీ దగ్గర బోలెడు సమాచారం ఉంది. అంతా నివేదికలో కుక్కితే ఎవరూ చదవరు. ఊరికి నిజంగా ముఖ్యమైన ఆరేడు విషయాలు ఎంచుకుని, ఏటా వాటినే కొలవండి. చెరువులో నాటు చేపల రకాలు, ఒకటి రెండు ఇళ్లకే పరిమితమైన విత్తన రకాలు, దేశీ పశువుల సంఖ్య, పాత చెట్లు, వేసవిలో నీళ్లుండే చోట్లు, కలుపు వ్యాప్తి, నాటిన మొక్కల్లో బతికినవి. మీ ఊరికి అడవి ఉంటే ఇప్ప, తునికి, ఉసిరి కాపు చేరుతుంది. సముద్రం ఉంటే మడ చెట్లు, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం చేరతాయి.

నాటిన మొక్కల గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చెప్పింది. బతకాలని చట్టంలో పెట్టడం మంచి ఆలోచన. కానీ ఏ మొక్క బతికిందన్నది కూడా రాయాలి. గుబురుగా, త్వరగా పెరుగుతుందని ఊరూరా, రోడ్ల మధ్యలో కోనోకార్పస్ నాటారు. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వమే దాన్ని నాటొద్దని చెప్పింది. బతికిన మొక్కల లెక్కలో అది నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది. కానీ నేరేడులా పిట్టలకు తినడానికి పండు ఇవ్వదు. అందుకే రకాల వారీగా రాయండి: నేరేడు ఎన్ని, కానుగ ఎన్ని, వేప ఎన్ని, రావి ఎన్ని, మూడో ఏడు దాటినవి ఎన్ని.

భాష గురించి ఒక సూచన. ఆఫీసు తెలుగులో "జరిగింది" అన్న మాట చేరితే ఎవరు చేశారో, ఎక్కడ చేశారో, ఏమైందో అన్నీ మాయమవుతాయి. చాలా నివేదికల్లో చెరువు గురించి ఉండేది ఇంతే:

"గ్రామంలోని చెరువును సంరక్షించడం జరిగింది. మత్స్య సంపద అభివృద్ధికి తగు చర్యలు తీసుకోవడం జరిగింది."

అదే చెరువు గురించి ఇలా రాయొచ్చు. వివరాలు నమూనా కోసం వేసినవి, మీవి మీరు నింపుకోండి:

"ఊర చెరువు ఆగస్టులో అలుగు పోసింది, ఏప్రిల్ రెండో వారానికి అడుగంటింది. సొసైటీ పోసిన చేపలు కాక వలలో పడినవి కొర్రమీను, మట్టగిడస, జెల్ల. నిరుడు పడిన బొమ్మిడాయి, మార్పు ఈసారి పడలేదు. గుర్రపు డెక్క నిరుడు తూము దగ్గరే ఉండేది, ఈ ఏడు చెరువులో నాలుగో వంతు కమ్మింది. ఫిబ్రవరిలో కూలీలతో తీయించాం, మార్చి ఆఖరుకు మళ్లీ పరుచుకుంది. పై వాడ మురుగు కాలువ చెరువులో కలవడమే కారణమని కమిటీ అభిప్రాయం. కాలువ మళ్లించాలని పంచాయతీని కోరాం, తీర్మానం ఇంకా కాలేదు."

రెండో దాంట్లో ఓటమి ఉంది. తీయించిన డెక్క మళ్లీ వచ్చింది, తీర్మానం కాలేదు. అవి రాయడానికి జంకొద్దు. కలెక్టర్ ఆఫీసులో ఎవరైనా పని చేయాలనుకుంటే వాళ్లకు దారి చూపించేది ఆ రెండు వాక్యాలే. పై ఏడాది కమిటీ మారినా కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో వాటిని చూస్తే తెలుస్తుంది.

ప్రతి అంశానికీ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు: నిరుడు ఎలా ఉంది, ఇప్పుడు ఎలా ఉంది, మనమేం చేశాం, దానివల్ల ఏమైంది. కారణం కచ్చితంగా తెలిస్తే రాయండి, అనుమానమైతే "కమిటీ అభిప్రాయం" అని రాయండి. ప్రతి లెక్క పక్కనా ఎవరు చూశారు, ఏ నెలలో చూశారు అన్నది ఉండాలి.

ఆరో అడుగు: డబ్బు

నిధిలోకి డబ్బు మూడు నాలుగు దారుల్లో రావచ్చు: ప్రభుత్వం, రాష్ట్ర మండలి, జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఇచ్చే గ్రాంట్లు, మీరు వసూలు చేసే సేకరణ రుసుము, కంపెనీలు చెల్లించే లాభం వాటా. ఊరి పరిధిలో జీవ వనరులను వ్యాపారం కోసం సేకరించేవాళ్ల నుంచి రుసుము తీసుకునే హక్కు 41వ సెక్షన్‌లోనే ఉంది. వేపగింజలు, కానుగ గింజలు, కుంకుళ్లు, కరక్కాయలు లారీల్లో తీసుకెళ్లే వ్యాపారికి ఇది వర్తిస్తుంది. సొంత అవసరానికి ఏరుకునే ఊరి వాళ్ల మీద, పంట పండించే రైతు మీద, నాటు వైద్యుల మీద ఈ రుసుము పేరుతో ఒత్తిడి తేకూడదు. స్థానికులకు చట్టం ఇచ్చిన వెసులుబాటు అది.

ఇదంతా కాగితాల మాట అనుకోవద్దు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి వనపర్తి జిల్లాలోని అమరచింత నుంచి రెండు వేల కిలోల వేపాకు జపాన్‌కు వెళ్లినప్పుడు, ఎగుమతి చేసిన హైదరాబాద్ కంపెనీ సుమారు 55 వేల రూపాయల రాయల్టీ కట్టింది. ఆ సొమ్ము నుంచి వేప మొక్కలు నాటడానికి, అవగాహన కల్పించడానికి అమరచింత బీఎంసీకి డబ్బు అందింది. ఎర్రచందనం మీద వసూలైన లాభం వాటా ఆంధ్రప్రదేశ్ రైతులకు 2025లో ముట్టింది. ఊరి పేరు చెప్పి వాటా ఇవ్వాలంటే ఆ సరుకు ఆ ఊరిదే అనడానికి రికార్డు కావాలి. ఎవరు ఏం సేకరించారు, ఎంత, ఏ రుసుము కట్టారు, ఆ డబ్బు ఎలా పంచారు అని రాసే విడి రిజిస్టర్ తప్పనిసరిగా పెట్టాలని 2004 నిబంధనలు చెప్పింది ఇందుకే.

పైసా రాకపోతే నివేదికలో "సున్నా" అని రాయండి. గడి ఖాళీగా వదిలితే లెక్క చూడలేదని అర్థం వస్తుంది. రుసుము రాకపోయినా సరుకు వెళ్లి ఉంటే, ఏ సరుకు ఏ నెలలో సుమారుగా ఎన్ని బస్తాలు వెళ్లిందో రాయండి.

ఏడో అడుగు: గ్రామసభలో చదవడం

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఏప్రిల్ మొదటి పక్షంలో నివేదిక చిత్తుప్రతి పూర్తి చేస్తే, ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినోత్సవం నాటి గ్రామసభలో చదవొచ్చు. చదవడమంటే పైకి, అందరికీ వినిపించేలా చదవాలి. సంతకాలకు కాగితం తిప్పేసి అయిందనిపించొద్దు. చేపల పేరు తప్పు పడితే బెస్తవాళ్లు అక్కడే లేచి చెబుతారు. చిరుతపులి అడుగులు ఏ గట్టున కనిపించాయో గొర్రెల కాపరి చెబుతాడు. అలా వచ్చిన దిద్దుబాట్లను చివర్లో ఒక పేజీలో "గ్రామసభ చెప్పిన సవరణలు" అని చేర్చండి. నివేదికకు దాన్ని మించిన ధ్రువీకరణ లేదు.

పిల్లలు ఉంటే ఇంకా మంచిది. ఊరి బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పక్షుల లెక్క అప్పగించండి. పాలపిట్ట, ఎర్రకాళ్ల కొంగ, గూడబాతు లాంటి తేలిగ్గా కనిపించే పిట్టలను వాళ్లు రెండు రోజుల్లో గుర్తుపట్టడం నేర్చుకుంటారు, ఏటా అదే వారంలో లెక్కపెడతారు.

మున్సిపాలిటీల సంగతి

పట్టణాలకు కూడా ఇదే చట్టం, ఇదే నివేదిక. 2012 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు హైదరాబాద్‌లో జరిగినప్పుడు నగరానికి జీవవైవిధ్య సూచీ తయారు చేశారు. అప్పట్లో 23 సూచికలతో నగరాన్ని కొలిచిన ఆ పద్ధతి సింగపూర్ పేరుతో ప్రసిద్ధం. చిన్న మున్సిపాలిటీకి అంత అక్కర్లేదు. చెరువులు, నాలాలు, పార్కులు, శ్మశానాలు, పాత బడుల ఆవరణలు ఈ ఐదింటిలో ఏముందో రాస్తే పట్టణంలోని జీవరాశిలో చాలా భాగం పట్టుకున్నట్టే. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిన చెరువుకు ఆ గుర్తింపు వచ్చింది, అక్కడి పిట్టల రికార్డులు పట్టుదలగా రాసినవాళ్లు ఉండబట్టే.

ఎనిమిదో అడుగు: పంపడం, బయట పెట్టడం

ఆడిట్ అయిన లెక్కలు జత చేసి, నివేదికను పంచాయతీకి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోండి. పంచాయతీ కవరింగ్ లెటర్‌తో కలెక్టర్‌కు పంపాలి. ఒక ప్రతి రాష్ట్ర జీవవైవిధ్య మండలికి, ఇంకోటి మండల పరిషత్‌కు పంపితే మంచిది. మీ ఊరికి అడవి ఆనుకుని ఉంటే రేంజ్ ఆఫీసుకూ ఇవ్వండి. ఇన్‌వర్డ్ నంబర్ రాసుకోవడం మరవొద్దు, తర్వాత అడగడానికి అదే ఆధారం.

స్కాట్లాండ్‌లో స్థానిక కౌన్సిళ్లతో పాటు ప్రభుత్వ సంస్థలన్నీ జీవవైవిధ్యం కోసం ఏం చేశాయో మూడేళ్లకోసారి నివేదిక ఇచ్చి, దాన్ని జనం చూసేలా ప్రచురించాలని 2011 చట్టం చెబుతోంది. అక్కడ నివేదికను ఊరి జనం ఎవరైనా చదవొచ్చు. మన దగ్గర ఏటా ఇవ్వాలన్న నియమం ఇంకా కట్టుదిట్టమైనదే, కానీ అది కలెక్టర్ ఆఫీసు బీరువాలో ఆగిపోతుంది. దాన్ని జనం ముందు పెట్టడానికి మనకు ఏ అడ్డూ లేదు. రెండు పేజీల సారాంశం పంచాయతీ నోటీసు బోర్డు మీద, బడి గోడ మీద, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మే 22 అంతర్జాతీయ జీవవైవిధ్య దినం. బోర్డు మీద పెట్టడానికి అదే గడువు అనుకుంటే పని సాగుతుంది. నాలుగో అడుగులో చెప్పిన గోప్యమైన పేజీలు మాత్రం ఇందులో ఉండకూడదు.

మీరు కమిటీలో లేరు, అయినా మీ ఊరి నివేదిక ఏమైందో తెలుసుకోవాలనుకుంటే, పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మూడే అడగండి: బీఎంసీ ఏర్పాటు తీర్మానం నకలు, గత మూడేళ్ల వార్షిక నివేదికలు, నిధి ఆడిట్ లెక్కలు. 30 రోజుల్లో జవాబు రావాలి. "రికార్డు లేదు" అని రాసిచ్చినా ఆ కాగితం పనికొస్తుంది. దాన్ని తర్వాతి గ్రామసభకు తీసుకెళ్లి, కమిటీని మళ్లీ వేయాలని తీర్మానం అడగండి, సభ్యులుగా ఎవరుండాలో పేర్లు కూడా అక్కడే చెప్పండి.